దుర్గయ్య హారన్లు

కోరుట్లలో పెండ్లిళ్ళ కాలం అయిపోతే మైకు సెట్ల వాళ్ళకు పెద్దగా పనుండదు. ఎనభై ఆరు ఎండాకాలం చివర్లో, ఆ తీరిక రోజుల్లోనే రాజమణి తన దుకాణం వెనక గదిలో మిషను కట్టింది.

పెద్ద గ్లాసులంత కండెన్సర్లు, కాలిపోయిన ఆంప్లిఫయర్లోంచి తీసిన ట్రాన్స్‌ఫార్మరు, ఒక ముల్లు మీటరు, లావుపాటి రాగితీగ చుట్ట. మిషను కరెంటును కొద్దికొద్దిగా తాగి కడుపులో దాచుకుంటుంది. మీట నొక్కితే దాచుకున్నదంతా ఒక్క దెబ్బకు రాగి చుట్టలోకి కక్కుతుంది. చుట్ట మధ్యలో మైకు హారన్ వెనకుండే యూనిట్ పెడితే, దాంట్లో చచ్చిన అయస్కాంతం మళ్ళీ బతుకుతుంది. హైదరాబాదులో ఒక ముసలి మెకానిక్ దగ్గర చూసి నేర్చుకుంది. "ప్లగ్గు పీకినా దాన్ని నమ్మకమ్మా" అని ఆయన మరీ మరీ చెప్పాడు. "అంతా కక్కినట్టే ఉంటది. కొంచెం దాచుకుంటది."

ఆమె బతికించాలనుకున్నవి రెండే హారన్లు. అవి వాళ్ళ నాయన దుర్గయ్యవి.

ఏడేండ్ల కింద మల్లాపూర్ దిక్కు ఒక ఊళ్ళో కూలీల సంఘం మీటింగు పెడితే దుర్గయ్య మైకు కట్టాడు. ఆ రాత్రే దొర మదన్ మోహన్ రావు మనుషులు హారన్లనూ, దుర్గయ్యనూ కోటలాంటి గడిలోకి పట్టుకుపోయారు. మూడో రోజు గడి బావిలో శవం తేలింది. కాలుజారి పడ్డాడన్నారు. కేసు లేదు, అడిగేవాడు లేడు. తర్వాత నక్సలైటు అన్నలు తిరగడం ఎక్కువై దొర జగిత్యాలకు మకాం మార్చాడు. ఊరు ఊరంతా ఖాళీ గడి మీద పడి వడ్లూ గిన్నెలూ తెచ్చుకుంది. రాజమణి మాత్రం బావిగట్టు పక్కన తుప్పుపట్టి పడున్న రెండు హారన్లను నెత్తిన పెట్టుకుని వచ్చింది.

మధ్యాహ్నం రెండింటికి కరెంటొచ్చింది. తల్లి నర్సవ్వ గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. రాజమణి మొదటి యూనిట్‌ను చుట్టలో పెట్టి మీట నొక్కింది.

ఠప్!

గదిలో కాలిన లక్క వాసన. ప్లగ్గు పీకి, కట్టెపిడి ఉన్న ఇనుపకడ్డీతో మిషనులో మిగిలిన కరెంటు కూడా దింపేసింది. ముల్లు సున్న మీదికొచ్చింది. రెండో యూనిట్‌కూ అట్లాగే చేసి, రెంటినీ హారన్లకు బిగించి నేల మీద పెట్టింది. వాటికి వైరు లేదు.

అప్పుడు ఇంకో వాసన వచ్చింది. నాచు వాసన. చాన్నాళ్ళు ఎవరూ తోడని నీళ్ళ వాసన.

మీటరు ముల్లు కదిలింది. కొంచెం లేవడం మామూలే అనుకుంది. ముల్లు ఆగలేదు. యాభై... నూరు... రెండు వందలు...

హారన్‌లో నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతున్న చప్పుడు. బావి గిలక కిర్రుమంది. ఎవరో దగ్గారు, గొంతులో నీళ్ళు పోయినట్టు. తర్వాత ఒక మాట.

"హారన్లు పైలం... అవి నా బిడ్డకు..."

నర్సవ్వ చేతిలో కత్తెర కింద పడింది. వెనకే ఇంకో గొంతు, తీరిగ్గా, మెత్తగా.

"ఇంకోసారి ముంచుండ్రి."

ముల్లు సున్నకు పడిపోయింది.

"గా గొంతు దొరది" అంది నర్సవ్వ గుసగుసగా. "వద్దు బిడ్డా. గవి తీస్కపోయి చెరువుల పారెయ్యి."

"ఏడేండ్లు కడుపుల దాస్కున్నయమ్మా. నేను పారెయ్య."

వారం తిరక్కుండానే దొర దగ్గరి మున్షీ రామస్వామి దుకాణానికి వచ్చాడు. దొర కోరుట్ల పొలిమేరలో రైసుమిల్లు తెరుస్తున్నాడు. మైకు దుర్గయ్య బిడ్డే కట్టాలట. నలుగురూ చూస్తే పాత పగలు లేవని తెలుస్తుందట.

"వస్త" అంది రాజమణి. "మా నాయిన హారన్లే తెస్త."

మిల్లు ముందు షామియానా. కుర్చీల్లో పెద్దమనుషులు, నేల మీద హమాలీలు, బీడీల ఆడవాళ్ళు, గేటు దగ్గర పోలీసులు. దొర మైకు పట్టుకున్నాడు. తెల్లబట్టల్లో బాగా ముసలివాడయ్యాడు.

"దుర్గయ్య నా ఇంటి మనిషి లెక్క ఉండె. పాపం, కాలుజారి..."

"ఇంకోసారి ముంచుండ్రి" అంది హారన్.

అదే గొంతు. కాకపోతే ఏడేండ్లు చిన్నది. దొర పెదవులు మాత్రం ఆగిపోయి ఉన్నాయి.

"బందు చెయ్యి!"

రాజమణి తాపీగా లేచి బ్యాటరీ వైర్లు పీకింది. రెండు వైర్లనూ అందరికీ కనబడేటట్టు పైకెత్తి పట్టుకుంది. హారన్ ఆగలేదు. నీళ్ళు... దగ్గు... గిలక... "హారన్లు పైలం..."

నేల మీద కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు.  దొర ఎవరి మొహమూ చూడకుండా జీపెక్కాడు.

పోతూ పోతూ రామస్వామి ఆమె పక్కన ఆగాడు. "మంచిగ చెయ్యలే బిడ్డా. దొర గిది మర్చిపోడు."

"మర్చిపోవద్దనే కట్టిన."

దీపాలు పెట్టే యాళ్లకు దుకాణం వెనకే ఉన్న ఇల్లు చేరింది. హారన్లను మిషను పక్కన దించి, చెంబెడు నీళ్ళు తాగింది.   ఇన్నేండ్లకు నాయన మాట పదిమందిలో పడింది.

నాచు వాసన వచ్చింది.

ప్లగ్గు గోడకు లేదు. ముల్లు లేస్తోంది... నూరు... మూడు వందలు... మీటరు చివరిదాకా పోయి అక్కడే నిలబడింది. హారన్‌లో దగ్గు. ఈసారి మగమనిషి దగ్గు కాదు.

"నీ బాంచెన్ దొరా... ఇడిసిపెట్టు..."

నర్సవ్వ చటుక్కున కూతురి పెదవుల వైపు చూసింది. అవి మూసుకునే ఉన్నాయి.

"రాజీ... నువ్వేనా అన్నది?"

"నేను గా మాట ఎన్నడన్న అన్ననా అమ్మా?"

అనలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరి ముందూ అనలేదు. కానీ ఆ గొంతు తనది. 'ర' దగ్గర కొంచెం బొంగురుపోయే తన గొంతే. జరిగిపోయింది కాదు, జరగబోయేది వినిపిస్తోంది.

నర్సవ్వ ఆమె చెయ్యి పట్టి గుంజింది. రాజమణి కదల్లేదు. ఇనుపకడ్డీ చేతిలోకి తీసుకుని, హారన్‌కు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నేను గట్ల బతిలాడ" అంది హారన్‌తో. "నువ్వు నేనే అయితే సరిగ్గ మాట్లాడు."

హారన్‌లో ఏడుపు ఆగింది. ఎవరో నీళ్ళు మింగి, ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత చాలా దగ్గర్నుంచి, చెవిలో చెప్పినట్టు...

"రాజమణీ... తలుపు తియ్యకు."

ఆమె తల తిప్పి చూసింది. మూసిన తలుపు పక్క కిటికీలోంచి కనబడే వాకిట్లో అప్పటికింకా ఎవరూ లేరు.