చివరి ఆట ముగియకముందే

“ఇంక చెస్ ఆడను నాన్నా... ఎప్పటికీ ఆడను!”

పదకొండేళ్ల గీతిక కొత్త గౌను విసిరికొట్టి మంచం మీద బోర్లా పడిపోయింది. తల్లి చంద్రిక ఆ గౌను తీసి మడతపెట్టింది. సాయంత్రం అయిదింటికి చిల్కానగర్ కాలనీవాళ్ల సన్మానం. వీధి మలుపులో పిల్ల ఫొటోతో ఫ్లెక్సీ కూడా కట్టేశారు... ‘ఉప్పల్ చెస్ ఛాంపియన్’ అని!

కానీ గీతిక ఛాంపియన్ కాదు. నిన్న ఆఖరి రౌండ్ నడుస్తుండగానే, ఆలస్యమైతే పేపర్లో రాదని, తండ్రి శశిధర్ విలేకరికి వార్త పంపేశాడు. అప్పటిదాకా ఒక్క ఆటా ఓడని కూతురు ఇదీ గెలుస్తుందనే ధీమా! అరగంటకల్లా నాచారం అమ్మాయి అమూల్య ఆమెను ఓడించి ఛాంపియన్ అయిపోయింది. ఆ మాట విలేకరికి చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు... పొద్దున్నే గీతిక ఫొటోతో పేపర్లో వచ్చేసింది!

“ఎవ్వలకు తెలుస్తది? గంటసేపు కూసుంటే అయిపాయె. నా ఇజ్జత్ జర సూడు చంద్రికా!”

“అమూల్యకు తెల్వదా నాన్నా?” గీతిక వెక్కుతూ లేచింది. “గెలిచినంక నన్ను పక్కన కూసోబెట్టుకుని, గుర్రం గాదు, బంటు జరపాల్సుండె అని సూపెట్టింది... పేపర్ల నా ఫొటో సూసి ఏమనుకుంటది?”

చంద్రిక ఇక ఆగలేకపోయింది. “ఆ శాలువా మీరే కప్పుకోండ్రి! నా బిడ్డను దొంగను జెయ్యకుండ్రి!” అమూల్య ఇంటికి వెళ్దామని కూతురి చెయ్యి పట్టుకుని బస్టాపుకు నడిచింది.

పది నిమిషాల్లో శశిధర్ బండి వచ్చి ఆగింది. భార్య ఎదుటే విలేకరికి ఫోన్ చేసి నిజం చెప్పాడు. “రేపు రెండు లైన్లు వేస్తాం సార్, ఫొటోకు జాగా ఉండదు” అన్నాడతను.

నాచారంలో తలుపు తీసింది అమూల్య తల్లి తారామణి.

“తప్పు నాదమ్మా... రేపటి పేపర్ల సరిజేస్తమన్నరు.” శశిధర్ చేతులు జోడించాడు.

“మంచిదన్నా. గని మా పిల్ల పొద్దుగాల ఆరింటికే పేపర్ కోసం దుకాణం కాడ నిలవడ్డది... మొత్తం తిరగేసి, ‘మన ఫొటోలు ఎయ్యరులే అమ్మా’ అన్నది. గా మాటెట్ల సరిజేస్తరు?”

పదమూడేళ్ల కాపురంలో మొదటిసారి భర్త కన్నీళ్లు చూసింది చంద్రిక. ఓదార్చాలనిపించింది... చెయ్యి కదల్లేదు!

లోపలి నుంచి తొంగిచూసిన అమూల్య, గీతికను చూడగానే మొహం తిప్పుకుంది. గీతిక చెప్పులు విప్పి, ఎవరూ పిలవకుండానే లోపలికి నడిచింది.

“అయిదింటికి మా కాలనీల సన్మానం. నాతోని రా... గెలిచింది నువ్వని మైకుల నేనే జెప్తా!”

అమూల్య తలెత్తి తల్లి వైపు చూసింది. తారామణి కొంగుతో కళ్లొత్తుకుని, గూట్లోంచి దువ్వెన తీసింది.

“కూసో బిడ్డా, జడలేస్తా.”