వేరు రాని పిలక

పిలక చేతిలోకి ఊడి వచ్చింది.

అంత తేలిగ్గా వస్తుందని లోకేశ్వరి అనుకోలేదు. రెండు వేళ్ళతో పట్టుకుని కాస్త మెలితిప్పిందో లేదో, తల్లి మొక్క నుంచి పుటుక్కున విడిపోయింది. దాంతోపాటు తల్లి మొక్క ఆకు కూడా ఒకటి చీలింది. కుండీలోని మట్టి సగం మేడ మీద పడింది. లోకేశ్వరి అటూ ఇటూ చూసింది. పిలకను గౌను జేబులో వేసుకుని గబగబా మెట్లు దిగి ఇంట్లోకి వచ్చేసింది.

చంద్రగిరిలో అది రెండు వాటాల ఇల్లు. పై వాటాలో లోకేశ్వరి, వాళ్ళమ్మ, నాయన, అవ్వ వసంతమ్మ ఉంటారు. కింది వాటాలో ఎస్తేరు ఆంటీ ఒక్కతే ఉంటుంది. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయింది. ఆ ఆదివారం పొద్దున ఆమె చర్చికి వెళ్ళింది. లోకేశ్వరికి కావలసింది కూడా అదే.

మేడ మీద పిట్టగోడ నీడన ఆంటీ కుండీలు ఏడున్నాయి. అన్నీ హవర్తియాలే. అవ్వ వాటిని చిట్టి కలబందలంటుంది. అరచేతిలో పట్టేంత మొక్క. ముదురాకుపచ్చ ఆకుల మీద ముగ్గుపిండితో గీసినట్టు తెల్లటి చారలు. వాటిలో ఒక్క దానికే, పెద్ద కుండీలో ఉన్నదానికి, పక్కన బొటనవేలంత పిలక వచ్చింది. పదేళ్ళ లోకేశ్వరి బడి నుంచి రాగానే సంచీ కూడా దించకుండా వెళ్ళి దాన్ని చూసేది.

అడిగితే ఇవ్వని మనిషా ఆంటీ అంటే, కాదు. కరివేపాకు దగ్గర్నుంచి కాలెండరు దాకా అడిగినవాళ్ళకు అడిగినట్టు ఇచ్చే మనిషి. మరి లోకేశ్వరి ఎందుకు అడగలేదంటే, దానికి కారణం అవ్వ.

అంతకు ముందు లోకేశ్వరి రెండు మొక్కలు పెంచింది. పెంచింది అనడం కన్నా చంపింది అనడం సబబు. ట్రాలీ ఆటోలో అమ్మకానికి వచ్చిన గులాబీని నాయన చేత కొనిపించుకుంటే పది రోజులకే ఎండిపోయింది. స్నేహితురాలు రాజశ్రీ ఇంట్లో అడిగి తెచ్చుకున్న తులసి వారానికే వాడిపోయింది. "నా చెయ్యే మంచిది కాదవ్వా" అని లోకేశ్వరి ఏడుస్తూ కూర్చుంది.

అవ్వ అప్పుడు శెనక్కాయలు ఒలుస్తోంది. మనవరాలిని నవ్వించాలని, "చెయ్యి కాదు లోకా, మొక్కల గుణమే అంత. కొనింది ఎండిపోతాది, అడిగి తెచ్చింది వాడిపోతాది. ఎవురికీ తెలీకుండా గిల్లుకోనొచ్చిందే బతుకుతాది" అంది. తన కనకాంబరం కూడా అలా ఎవరి గోడ మీదుగానో వచ్చిందేనని చెప్పి పకపకా నవ్వింది. అవ్వ నవ్వులకు అంది. లోకేశ్వరి నిజమనుకుంది. ఈసారైనా తన చేతిలో ఒక మొక్క బతకాలని ఆ పిల్ల కోరిక.

జేబులోంచి పిలకను తీసి చూసుకుంది. కింద ఒక్క వేరు కూడా లేదు. ఫర్వాలేదు, వస్తుందిలే అనుకుంది. ఐస్‌క్రీం కప్పులో రోడ్డు పక్క ఎర్రమట్టి నింపి, అందులో పిలకను గుచ్చి, నిండా నీళ్ళు పోసింది. ఎవరికీ కనపడకుండా మేడ మీదే నీళ్ళ ట్యాంకు వెనకాల పెట్టింది.

మధ్యాహ్నం ఆంటీ మేడ ఎక్కింది. చీలిన ఆకునూ చెల్లాచెదురైన మట్టినీ చూసి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఈ కోతుల్తో ఇంగ నా వల్ల కాదప్పా" అంది.

చంద్రగిరిలో కోతులకు మంచి పేరు లేదు. కోట కొండ మీంచి గుంపులుగా దిగుతాయి. ఎండబెట్టిన వడియాలు వదలవు. ఒకసారి నాయన కళ్ళజోడు కూడా ఎత్తుకుపోయాయి. వాటి మీద ఇంకో నేరం పడితే కొత్తగా పోయేదేముందని లోకేశ్వరి నోరు మూసుకుంది. తను అబద్ధమాడలేదు కదా అని కూడా అనుకుంది. నిజమే, ఆడలేదు. ఊరికే నిలబడింది, అంతే.

కానీ సంగతి అక్కడితో ఆగలేదు. మిగిలిన మొక్కలైనా దక్కాలని ఆంటీ ఏడు కుండీలనూ మెట్ల కింద ఉన్న సామాన్ల గదిలోకి చేర్చడం మొదలుపెట్టింది. ఆ గదికి కిటికీ లేదు. పైగా ఆంటీకి మోకాళ్ళ నొప్పి. ఒక్కో మెట్టూ దిగుతూ ఉస్సురంటుంటే లోకేశ్వరి చూడలేక రెండు కుండీలు తను పట్టుకుంది. మంచి పిల్లవని ఆంటీ మురుకులు పెట్టింది. లోకేశ్వరి వాటిని కొరక్కుండానే తెచ్చి అవ్వకు ఇచ్చేసింది.

రెండు రోజుల తర్వాత పిల్లను పొట్టకు హత్తుకుని ఒక కోతి గోడ మీద కూర్చుంది. ఆంటీ దాని మీద బకెట్టెడు నీళ్ళు కుమ్మరించింది. తల్లీ పిల్లా తడిసి ముద్దై కొండ వైపు పరుగెత్తాయి. పాపం, వాటికి హవర్తియా అంటే ఏమిటో కూడా తెలియదు. లోకేశ్వరి ఆ రోజు అన్నం సగంలో వదిలేసి లేచింది.

దొంగచాటుగా తెచ్చిన మొక్కైనా ఏపుగా పెరిగిందా అంటే, అదీ లేదు. లోకేశ్వరి పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు నీళ్ళు పోసేది. బడికి వెళ్ళేముందు దాహమేస్తుందేమోనని ఇంకో గుక్కెడు. కప్పుకు అడుగున చిల్లి కూడా లేదు. పదో రోజుకు ఆకులు మెత్తబడి నీళ్ళ రంగుకు తిరిగాయి. మొదలు గోధుమరంగయింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్ళు వాసన వచ్చింది.

దీన్ని బతికించగలిగిన మనిషి చంద్రగిరి మొత్తం మీద ఒక్కరే. ఆ మనిషినే అడగకూడదు.

ఆ సాయంత్రం ఆంటీ గడప ముందు కుర్చీ వేసుకుని పేపరు చదువుతోంది. లోకేశ్వరి పక్కన చేరి, ఎవరి మొక్కో మెత్తబడిపోయిందట, ఏం చెయ్యాలి అని ఏమీ ఎరగనట్టు అడిగింది.

ఆంటీ పేపరులోంచి తల ఎత్తలేదు. "రోగిని సూడకుండా మందు చెప్పేది యాడన్నా ఉందామ్మే? పొయ్యి తీసుకోనిరా" అంది.

లోకేశ్వరి పైకి వెళ్ళింది. ట్యాంకు వెనక చాలాసేపు కూర్చుంది. తీసుకెళ్తే తను దొరికిపోతుంది. తీసుకెళ్ళకపోతే పిలక పోతుంది. దొరికిపోతే ఆంటీ ఇక మాట్లాడదేమో, అమ్మకు చెబుతుందేమో. శ్రీసిటీలో పనిచేసే అమ్మ కంపెనీ బస్సు దిగి ఇంటికొచ్చే వేళ కూడా అయింది. పిలక మీద తెల్లచారలు ఇక రెండాకులకే మిగిలాయి. ఆ రెండూ కూడా రేపటికి ఉంటాయో లేదో. కప్పును రెండు చేతుల్తో పట్టుకుని లేచింది.

ఆంటీ కప్పు వంక చూసింది. ఆ చారల్ని గుర్తుపట్టడానికి ఆమెకు కళ్ళజోడు కూడా అక్కర్లేదు.

"కోతి కాదాంటీ" అంది లోకేశ్వరి. "నేనే పీకినాను."

ఎస్తేరు ఆంటీ కోపమొస్తే అరవదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుస్తుంది. అద్దాలు ఎంతగా తుడిస్తే అంత కోపమని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఆ రోజు చాలాసేపు తుడిచింది.

"పిలక పోతే పోయింది" అంది చివరికి. "పది దినాలుగా నా సెట్లు సీకట్లో ఉండాయి. నువ్వు రోజూ ఆ గది ముందర్నించే పోతాంటివి. ఒక్క మాట చెప్పలేకపోతివా?"

లోకేశ్వరికి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే అవ్వ మాటంతా చెప్పింది. అడిగితే బతకదని భయపడ్డానంది. ఆంటీ నవ్వలేదు. వేరు రాని పిలక అడిగి తెచ్చినా బతకదు, దొంగిలించినా బతకదు, దానికి ఆ తేడా తెలియదని మాత్రం చెప్పింది. వేరు కోసమే తను మూడు నెలలుగా కాచుకుని ఉందట. ఎందుకంటే ఆ పిలక ఆంటీది కూడా కాదు. ఆసుపత్రిలో తనతో కలిసి పనిచేసిన నిర్మలమ్మకని పెట్టింది. ఆంటీ రిటైరైన రోజు ఆ తల్లి మొక్కను ఇచ్చింది ఆవిడే. ఏర్పేడులో ఆవిడ ఇంట్లో ఉన్న మొక్కలన్నీ పోయినేటి వానలకు కుళ్ళిపోయాయి. దసరా సెలవుల్లో వచ్చి ఈ పిలకను తీసుకెళ్తానంది.

దసరాకు ఇంకా రెండున్నర నెలలుంది.

"ముందు ఆ ఏడింటినీ పైకి సేర్చు. తర్వాత నీ పేషెంటును సూస్తాం" అని ఆంటీ లేచింది.

లోకేశ్వరి ఏడుసార్లు మెట్లెక్కింది. చీకట్లో ఉండి ఆకులు వెలవెలబోయాయి. ఆ గొడవంతా విని అవ్వ కిందికి వచ్చింది. నవ్వులకన్న మాట ఇంత పని చేసిందా అని తన నోటి మీద తనే కొట్టుకుంది. ఎస్తేరమ్మ చేతులు పట్టుకుని తప్పు తనదేనంది.

ఆంటీ బ్లేడును స్పిరిట్‌తో తుడిచింది. కుళ్ళిన ఆకుల్ని ఒక్కొక్కటీ వలిచింది. మొదలును తెల్లటి కండ కనపడేదాకా సన్నగా కోసి, కోసినచోట పసుపు అద్దింది. పిలక ఇప్పుడు చింతగింజంత మిగిలింది. దాన్ని పాత పేపరు మీద నీడలో పడుకోబెట్టి, గాయం ఆరేదాకా నీళ్ళూ మట్టీ ఏవీ వద్దంది. అయ్యో ఎండిపోతుందేమో అని లోకేశ్వరి అంటే, "ఆపరేషనయినోళ్ళకి వెంటనే ఇడ్లీ పెడతామా?" అని కసిరింది.

తరువాత తల్లి మొక్క వంతు. దాని కుండీ మార్చాలి, పిలక ఊడిన పక్క వేర్లెలా ఉన్నాయో చూడాలి. ఆంటీ దాన్ని లోకేశ్వరి ముందు పెట్టింది. లోకేశ్వరి చేతులు వెనక్కి దాచుకుంది. తన చెయ్యి మంచిది కాదని గొణిగింది.

"సెయ్యి మంచిదే. ఆ సేతిలో ఉండే చెంబే మంచిది కాదు" అంది ఆంటీ.

కుండీని పక్కకు వంచి అరచేత్తో నాలుగుసార్లు తట్టించింది. మొక్క మట్టిగడ్డతో సహా జారి వచ్చింది. లోకేశ్వరి వేళ్ళతో మట్టి విదిల్చి, ఎండిన వేర్లను తీసేసింది. గట్టిగా ఉన్న వేర్లను ముట్టుకోలేదు. కొత్త కుండీ చిల్లి మీద పెంకుముక్క పెట్టి, లావు ఇసుక, నలగ్గొట్టిన ఇటుక, కాస్త పాత ఎరువు కలిపి నింపింది. మొక్క తిన్నగానే నిలబడింది.

పిలక గాయం నాలుగో రోజుకు ఆరి గట్టిపడింది. దాన్ని చిన్న కుండీలో పొడి ఇసుక మట్టిలో కూర్చోబెట్టారు. మొదటి చెంచాడు నీళ్ళు ఇంకో వారానికి గానీ పొయ్యలేదు. ఆ వారమంతా లోకేశ్వరి చెంబు ముట్టుకోకుండా ఉండటానికి పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. వేరొచ్చిందా లేదా అని పీకి చూడాలనిపించేది. కుట్లు విప్పి చూసుకునే రోగి బాగుపడడని ఆంటీ అనడంతో చేతులు కట్టుకుని కూర్చునేది.

నెల గడిచింది. పిలక పెరగలేదు, చావలేదు. నలభయ్యో రోజున ఆంటీ రమ్మని, చిటికెనవేలుతో మెల్లగా కదిపి చూడమంది. లోకేశ్వరి కదిపింది. పిలక కదలలేదు. లోపలి నుంచి ఏదో గట్టిగా పట్టుకుని ఉంది. లోకేశ్వరికి సంతోషంతో కళ్ళు చెమర్చాయి. ఇంకో రెండు వారాలకు నడిమధ్యన బియ్యపు గింజంత కొత్త ఆకు తల ఎత్తింది.

అది తన దగ్గర ఉండిపోతే బాగుండునని లోకేశ్వరికి అనిపించలేదంటే అబద్ధం. దసరా సెలవులు రాకపోయినా బాగుండుననుకుంది. అలా ఏ బడిపిల్లా ఎప్పుడూ అనుకుని ఉండదు.

సెలవులు వచ్చాయి. నిర్మలమ్మ కూడా వచ్చింది. తెల్లజుట్టు, నవ్వు ముఖం. ఎస్తేరు ఆంటీ లోకేశ్వరిని పిలిచి, నీ పిలకను ఇంతకాలం సాకింది ఈ పిల్లేనని నిర్మలమ్మతో చెప్పింది. ఇంకేమీ చెప్పలేదు. నిర్మలమ్మ కుండీని తిప్పి తిప్పి చూసి మురిసిపోయింది.

"ఎంత మంచి చెయ్యమ్మా నీది" అంది.

ఆ మాట వినాలని లోకేశ్వరి ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూసింది. ఊరుకుంటే ఆ మెప్పు తనకే దక్కుతుంది. ఆంటీ చెప్పదు, అవ్వ కూడా చెప్పదు. లోకేశ్వరి ఊరుకోలేదు.

"వేరు రాకముందే దీన్ని పీకింది కూడా నేనే. ఆంటీని అడక్కుండా పీకినాను. కుళ్ళబెట్టినాను. ఆంటీ బతికించింది."

నిర్మలమ్మ ఎస్తేరు ఆంటీ వంక చూసింది. ఆంటీ కళ్ళజోడు ముట్టుకోలేదు. నిర్మలమ్మ కుండీని ఒళ్ళో పెట్టుకుని, లోకేశ్వరిని తన పక్కన కూర్చోమంది.

పది రోజులకొకసారే నీళ్ళు పొయ్యాలని, మిట్టమధ్యాహ్నపు ఎండ తగలకూడదని లోకేశ్వరి ఆవిడకు ఒకటికి రెండుసార్లు చెప్పింది. తర్వాత గౌను అంచు నలుపుతూ అడిగింది.

"దీనికి పిలకలొస్తే నాకొకటి ఇస్తారా?"

"ఇస్తాను తల్లీ. అయితే అది వేరుపట్టేసరికి ఏడాది పడతాది."

"పట్టనీండి" అంది లోకేశ్వరి. "అప్పుడొచ్చి మళ్ళా అడుగుతా."