ఆఖరున వచ్చినవాళ్లే తలుపు వెయ్యాలి

సాయంత్రం అయిదు. సన్నటి వాన, గాలి లేదు. నవంబరులో జపానులోని మా హిదా కొండల్లో ఆ వేళకే చీకటి పడిపోతుంది.

మావారు తొకుజిరో వడ్రంగి. అతిథులకి పద్ధతిగా టీ కలిపి ఇచ్చే చిన్న గదులు, టీ గదులు కడతారు. కొండ దిగువన ఒక ఆసామి తోటలో కట్టిన గది ఆ రోజుకి పూర్తయింది. నేలంతా పరిచే తతామి గడ్డి చాపలు మూడు పట్టే గది. ఒక చాప టీ కలిపేవాళ్లకి, రెండు చాపలు అతిథులకి. గోడల మట్టి పూత మా అమ్మాయి మినోరిది. తండ్రి దగ్గరే పని నేర్చుకుంటోంది. మాకు ఒక్కతే.

ఆసామికి అప్పగించే ముందు ఇంటివాళ్లమే నిప్పు రాజేసి, టీ తాగి చూస్తాం. పొగ ఎటు పోతుందో, నేల ఎక్కడ కిర్రుమంటుందో అప్పుడే తెలుస్తుంది.

అతిథులు దూరే తలుపు చాలా చిన్నది. మోకాళ్ల మీద పాకి రావాలి. దాన్ని కొత్త చెక్కతో చెయ్యరు. పాత ఇంటికి జల్లు కొట్టకుండా బయట వేసే చెక్క తలుపు, వాన తలుపు ఒకటి తెచ్చి, కోసి, కురచ చేసి పెడతారు. అదీ పద్ధతి.

మేం బయలుదేరుతుంటే అత్తయ్య అడిగింది.

"ఆ చిన్న తలుపు చెక్క ఎక్కడిదిరా?"

"పై ఊరిదమ్మా. పాత ఇల్లు పడగొడుతుంటే ఊరికే ఇచ్చారు."

"కొండ విరిగిపడ్డ ఊరా?" ముల్లంగి తరుగుతున్న అత్తయ్య చెయ్యి ఆగింది. "అప్పుడు శవాల్ని కిందికి మోసుకొచ్చింది ఆ వాన తలుపుల మీదేరా. ఒక ఆడపిల్లని ఎవరూ మా పిల్లే అనలేదు. ఏ ఇంటికీ చేరలేదు పాపం."

"శుభ్రంగా కడిగాను."

"చిత్రిక పట్టావా?"

"పడితే ఆ పాత రంగు పోదూ!"

"చెక్కల మీద ఉన్న ప్రేమలో పిసరంత మనుషుల మీద ఉంటే బాగుపడేవాడివి."

మినోరి పకపకా నవ్వింది. "దెయ్యం వస్తే రానీ నాన్నమ్మా. నా గోడ ఎలా ఉందో దాన్నే అడుగుతా. నాన్నయితే చచ్చినా బాగుందనడు."

టీ కలిపే వంతు నాది. నాకు వెనక వేరే ద్వారం ఉంది. కాగితపు తలుపు అవతల, గిన్నెలు కడిగే చోట కూర్చుని చెవి ఒగ్గాను. అతిథుల్లో ఆఖరున వచ్చినవాళ్లు చిన్న తలుపుని చప్పుడయ్యేలా వెయ్యాలి. అందరూ వచ్చేశారని లోపలివాళ్లకి అదే కబురు.

మావారు దగ్గారు. చాప మీద మోకాళ్లు జరిగిన చప్పుడు. తర్వాత మినోరి.

టక్.

నేను గిన్నె చేతిలోకి తీసుకున్నాను. చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. పచ్చి గడ్డి వాసన, కొత్త చాపలది. ఎంత బాగుందో అనుకున్నాను.

టక్.

మళ్లీ.

మినోరి అల్లరి అనుకున్నాను. కాగితపు తలుపు జరిపి వంగి నమస్కరించాను. ఒక్కటే దీపం. తలలు వంచి ఇద్దరూ కూర్చున్నారు. మినోరి తండ్రికి మరీ దగ్గరగా ఒదిగి ఉంది. అవతల చాప సగం ఖాళీ.

"కాస్త అటు జరగవే," అన్నాను మెల్లగా.

"చోటేదీ?" అంది.

నవ్వడం లేదు.

చిక్కటి టీ ఒకే గిన్నెలో కలుపుతాం. తాగే ముందు పక్కవాళ్లకి చెప్పుకోవాలి, మీకంటే ముందు తాగుతున్నాను, మన్నించండి అని. మావారు మినోరికి చెప్పి తాగారు. అంచు తుడిచి ఇచ్చారు. ఆఖరి అతిథి ఆ మాట చెప్పడానికి పక్కన ఎవరూ ఉండరు. మినోరి గిన్నె పట్టుకుని ఖాళీ వైపు తిరిగింది. తల వంచింది.

"మీకంటే ముందు తాగుతున్నాను... మన్నించండి."

"ఎవరితోనే?" అన్నారు మావారు.

మినోరి గిన్నె ఎత్తింది. తాగింది. అంచు తుడిచింది. గిన్నెని అటువైపు, చీకట్లోకి పెట్టింది.

గడ్డి వాసన పోయింది. తడి మట్టి వాసన. తవ్విన గోతిలోంచి వచ్చేలాంటిది...

గిన్నె చాప మీద జరుగుతూ నా దగ్గరికి వచ్చింది. ఖాళీగా. అంచున బురద.

"అమ్మా..." మినోరి పెదవులు మాత్రం కదిలాయి. "నా చెయ్యి వదలమను."

మావారు దిగ్గున లేచారు. ఆయన కాలు తగిలి ఇనప కెటిల్ నిప్పుల మీద బోర్లపడింది. బుస్సుమని బూడిద లేచింది. దీపం ఆరింది. ఏమీ కనపడలేదు... ఊపిరాడలేదు. నేను చీకట్లోకి చెయ్యి చాపాను. ఒక చెయ్యి దొరికింది. చల్లగా ఉంది. పట్టుకుని వెనక ద్వారం గుండా వానలోకి లాక్కొచ్చేశాను.

బయట తోట దీపం వెలుగులో చూశాను. మినోరి. జుట్టు నిండా బూడిద. మినోరే.

మావారు చిన్న తలుపులోంచి పాకి బయటపడ్డారు.

"పిల్లేదీ?"

"ఇదిగో. నా దగ్గరే ఉంది."

అప్పుడు ఆయన వెనక చిన్న తలుపు మూసుకుంది. లోపలి నుంచి.

టక్.

లోపల ఎవరో పిలిచారు. ఒక్కసారే. వాన చప్పుడేమో. మేం బండి ఎక్కేశాం. మర్నాడు మావారు వెళ్లి తలుపు పగలగొట్టారు. లోపల ఎవరూ లేరన్నారు. ఆ తర్వాత ఉలి ముట్టలేదు.

ఇది జరిగి వారమైంది. ప్రయాణంలో ఉన్నవాళ్ల పేరున ఇంట్లో భోజనం పళ్లెం పెట్టడం మా వైపు ఆనవాయితీ. వేడి సూపు గిన్నె మూత తీస్తే లోపల చెమ్మ పట్టి ఉండాలి. అప్పుడు వాళ్లు ఎక్కడున్నా ప్రాణాలతో ఉన్నట్టు. ఆ రాత్రి నుంచి అత్తయ్య రోజూ ఒక పళ్లెం పెడుతోంది. ఎవరికని నేను అడగలేదు. మూత తీస్తుంది, చెమ్మ చూస్తుంది, కళ్లు తుడుచుకుంటుంది.

ఇవాళ మూత తీసింది. సూపు పొగలు కక్కుతోంది. మూత లోపల వేలితో రాసి చూసింది. నాకు చూపించింది.

పొడిగా ఉంది.

"ఇంకొంచెం అన్నం పెట్టమ్మా," అంది నా ఎదురుగా మినోరి ముఖంతో కూర్చున్నది.

పెట్టాను. మనసులో లెక్కపెట్టుకున్నాను, ఆ వానలోంచి క్షేమంగా ఇల్లు చేరినవాళ్లని.

మావారు వచ్చారు.

నేను వచ్చాను.