జమ్మలమడుగు బదులు తిరుపతి

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో పట్టపగలు నాటుబాంబు పేలింది. దస్తగిరి అనే రిటైర్డ్ రేడియో మెకానిక్ అక్కడికక్కడే చనిపోయాడు. 2003 నవంబరు, ఎన్నికల గాలి వీస్తున్న రోజులు. పోలీసులు రెండు పార్టీల నుంచీ చెరి నలుగురిని పట్టుకుపోయి, ఫ్యాక్షన్ హత్య అని రాసుకున్నారు.

ఆ మధ్యాహ్నమే గెస్ట్‌హౌస్ గదిలో సీక్రెట్ సర్వీస్ చీఫ్ పట్టాభిరామయ్య ఒక కాగితాన్ని ఏజెంట్ దేవపాలు ముందు పెట్టాడు. దస్తగిరి చెప్పు అట్టలో దొరికిన కాగితం అది.

"బాంబు ఈ ఊరిదే. వేయించింది మాత్రం విదేశీ ముఠా. రేపు ఉదయం నలుగురు జియాలజిస్టులు చిన్న విమానంలో పులివెందుల దగ్గరి ప్రైవేట్ ఎయిర్‌స్ట్రిప్‌కు వస్తున్నారు. ఈ కొండల కింద ఏ ఖనిజం ఎక్కడుందో వాళ్ళకే తెలుసు. ఇది వాళ్ళ ఫ్లైట్ ప్లాన్."

"ఇందులో తప్పేముంది సార్?"

"ఆల్టర్నేట్ చూడు."

మబ్బుల్లో పరికరాలను నమ్ముకుని ఎగిరే విమానం, అనుకున్న చోట దిగలేకపోతే ఎక్కడికి పోవాలో ముందే రాసివ్వాలి. శాటిలైట్ చూపే దారిలో దిగబోయే ఇలాంటి విమానానికైతే, ఆ రెండో చోట నేలమీది రేడియో సాయంతో దిగే ఏర్పాటు ఉండి తీరాలి. ఆకాశం నుంచి సిగ్నల్ పోయినా పైలట్ గుడ్డివాడు కాకూడదని ఆ నియమం. ఈ ప్లాన్‌లో ఆల్టర్నేట్‌గా రాసింది జమ్మలమడుగులోని ఒక ఫ్యాక్టరీ స్ట్రిప్. అక్కడా శాటిలైటే దిక్కు. గండికోట మీద సిగ్నల్ చెరిపే జామర్ ఒక్కటి పెడితే రెండు చోట్లా ఒకేసారి దారి మూసుకుపోతుంది, మబ్బుల్లో విమానం కొండను గుద్దుకుంటుంది.

"కమాండోలు గండికోటలో జామర్ కోసం వెతుకుతారు. ఫ్లైట్ ఆపితే ముఠా జారుకుంటుంది. నువ్వు రేడియో రూమ్ పట్టుకో. కింద సంతకం చూశావా?"

దేవపాలు చూశాడు. ఎయిర్‌స్ట్రిప్ ఆపరేషన్స్ ఆఫీసర్, జమీలా.

సర్వీస్ ఎనిమిది నెలల కిందట ముఠాలోకి పంపిన డబుల్ ఏజెంట్ ఆమె. పట్టుచీర కట్టుకుని విందుల్లో నవ్వుతూ పార్టీ నాయకుల చేతే రహస్యాలు చెప్పించేది. జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో టీచరు కొడుకుగా పెరిగిన దేవపాలుకు ఆమె సంగతి ఇంకోలా తెలుసు. ఈ పని ముగిశాక కడపలో రిజిస్టరు పెళ్ళి చేసుకుందామని ఇద్దరూ మాట ఇచ్చుకున్నారు.

"అమ్ముడుపోయి ఉంటే ఏం చేయాలో నీకు చెప్పక్కర్లేదు," అన్నాడు చీఫ్.

మర్నాడు పులివెందులలో మబ్బు నేలకు దిగినట్టుంది. ఆయిల్ మరకల చొక్కాతో దేవపాలు జనరేటర్ మెకానిక్‌గా ఎయిర్‌స్ట్రిప్‌లోకి వచ్చాడు. జేబులో వక్కాకు డబ్బా. దాని మూత లోపల ఒక చిన్న తెర, ఎన్ని శాటిలైట్లు అందుతున్నాయో చూపిస్తుంది. ఏడు. గండికోట నుంచి ఫోను వచ్చింది. పొగమంచులో జామర్ ఎక్కడుందో ఇంకా తెలియలేదట. ఫోను పెట్టేసరికి తెర మీద అంకె సున్నా అయింది.

అతను రేడియో రూమ్ తలుపు తోశాడు. జమీలా మైకు ముందు కూర్చుని ఉంది. అతన్ని చూసి, సర్వీస్ కోడ్ ప్రశ్న మామూలుగా అడిగింది.

"పెన్నలో నీళ్ళొచ్చినాయా?"

జవాబు చెప్పాల్సింది అతను. చెప్పలేదు. ఆమెకు ఎదురుగా నిలబడి తుపాకీ ఎత్తాడు.

"మైకు వదులు జమీలా."

ఆమె తుపాకీని కాదు, అతని ముఖాన్ని చూసింది. ఆ కాగితం దస్తగిరి చేతికిచ్చి పంపింది తానేనని చెప్పింది. ఈడ ప్రతి ఫోనూ ముఠావాళ్ళు వింటున్నారని, విమానం రేడియోకు అందే దాకా కాచుకోవడం తప్ప వేరే దారి లేకపోయిందని చెప్పింది.

"సంతకం నీదే గదా."

"నేను పెట్టకుంటే ఇంకొకరితో పెట్టిస్తారు. ఇంధనం ఎంత రాసినానో సూడు. జమ్మలమడుగు ఈన్నించి పది నిమిషాలు. దానికి అంత ఎందుకు పోయిస్తా?"

ఎడమచేత్తో జేబులోని ఫ్లైట్ ప్లాన్ తీసి విప్పాడు. ఆల్టర్నేట్ పేరు చూసిన కళ్ళు, చీఫ్‌వి గానీ తనవి గానీ, ఇంధనం దగ్గర ఆగనే లేదు. తిరుపతి దాకా పోయి, ఆ పైన కొద్ది నిమిషాలు తిరగడానికి సరిపోయేంత ఉంది.

"తిరుపతిలో నేలమీద రేడియో ఉండాది," అంది ఆమె. "కొండల్లో తిరుగుతా ఇంధనం శానా కాలుస్తాండారు. ఇప్పుడే మళ్ళితే సాలుతుంది. రెండు నిమిషాలు పోతే సాలదు. నమ్ముతావా, కాలుస్తావా?"

అతను తుపాకీ దించాడు.

జమీలా మైకు మీట నొక్కి పైలట్‌తో మాట్లాడింది. జమ్మలమడుగు వద్దు, తిరుపతికి తిరగండి, దిశ రాసుకోండి అని ఒక్కో అంకె నిదానంగా చెప్పింది. ఇందాక ఆమెకు గురిపెట్టడం కోసం వెనక తలుపుకు వీపు పెట్టిన దేవపాలు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. ఆ తలుపులోంచే ఎయిర్‌స్ట్రిప్ మేనేజర్, ముఠా మనిషి ప్రభాకరరావు వచ్చాడు. రెండుసార్లు తుపాకీ పేలింది. దేవపాలు తిరిగి కాల్చాడు. ప్రభాకరరావు గడప మీద పడ్డాడు. అప్పటికే జమీలా కుర్చీలోంచి జారిపోయింది.

ఆమె వేలు మాత్రం మీట మీదే ఉంది. అది వదిలితే తప్ప పైలట్ మాట వినపడదు. దేవపాలు మోకాళ్ళ మీద కూర్చుని ఆ వేలిని మెల్లగా విడదీశాడు. వెంటనే పైలట్ గొంతు వచ్చింది. తిరుపతేనా, ఖాయం చేయమంటున్నాడు. ఆమె చెప్పిన రెండు నిమిషాల్లో పది సెకన్లు మిగిలాయి.

"తిరుపతే. ఖాయం," అన్నాడు దేవపాలు.

మబ్బు మీద ఇంజను చప్పుడు ఆగ్నేయం వైపు తిరిగి సన్నబడింది. జమీలా అది విన్నది.

"నమ్మినావు గదా," అంది. "రవంత ఆలిస్యం." ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు.

మధ్యాహ్నానికి గండికోటలో టూరిస్టు వ్యాన్‌తో సహా ఇద్దరు విదేశీయులు దొరికారు. పేపర్లు మాత్రం పార్టీ కక్షలతో ఎయిర్‌స్ట్రిప్‌లో ఇద్దరి హత్య అని రాశాయి. ఆమె పోయిన నలభయ్యో రోజు ఇంట్లో చేసే ఫాతిహా ప్రార్థనకు దేవపాలు ప్రొద్దుటూరు వెళ్ళాడు. జమీలా తల్లి అఖ్తర్ బీ, బిడ్డతో పనిచేసినవాడని అతన్ని కూర్చోబెట్టి, నా కూతురు ఏం తప్పు చేసిందప్పా అని అడిగింది. ఏ తప్పూ చేయలేదమ్మా అని మాత్రం చెప్పగలిగాడు. అంతకు మించి చెప్పడానికి సర్వీస్ ఒప్పుకోదు. ఆ గదిలో తాను ఆమెకు గురిపెట్టి నిలబడ్డ నిమిషం సంగతి, సర్వీస్ ఒప్పుకున్నా చెప్పలేడు.

ఆ నలుగురు జియాలజిస్టులూ తిరుపతి దాకా వచ్చాం కదా అని ఆ రోజే కొండెక్కి దర్శనం చేసుకున్నారట. తమ విమానాన్ని స్వామివారే దారి మళ్ళించారని కనపడినవాళ్ళందరికీ చెప్పుకున్నారు. ఒక లడ్డూ తిరిగి తిరిగి దేవపాలు బల్ల మీదికీ వచ్చింది. అతను దాన్ని కళ్ళకద్దుకుని తిన్నాడు. విమానాన్ని మళ్ళించినామె పేరు వాళ్ళకు చెప్పే అనుమతి దేవుడికి కూడా లేదు మరి.