కాకి ముట్టిన ముద్ద

బెల్టుమీద కదిలి వస్తున్న చెత్తలోంచి సలోమి ఎడమచేతితో తడిని, కుడిచేతితో పొడిని లాగుతోంది. రెండింటికీ చెందనిది దానంతటదే బెల్టు చివరన పూడ్పుగుంత నోట్లోకి జారిపోతోంది. ఎదుటి గోడమీద శుద్ధిమండలి సూత్రాలు రెండు చెక్కి ఉన్నాయి: తిన్నది వ్యర్థం కాదు. తినదగినది పారవేయుట నేరం.

ప్రతి సంచికీ ఇంటిచీటీ ఉంటుంది. తినదగిన అన్నం కనబడితే ఆ చీటీమీద ఆమె వేలిముద్ర వేయాలి. మూడు ముద్రలు పడిన ఇంటికి కుళాయి మూసుకుపోతుంది. ఇంటివాళ్లు ఊరవతల చెత్తమేట మీదికి పోవాలి.

పదిన్నరకు అరటాకు పొట్లం ఒకటి వచ్చింది. విప్పితే నల్లనువ్వులు కలిపిన అన్నంముద్ద, చెక్కుచెదరలేదు. చీటీమీద అప్పటికే రెండు ముద్రలున్నాయి.

పదకొండేళ్ల క్రితం, పనిలో చేరిన నెలలోనే, ఇటువంటి ముద్ద వచ్చిన చీటీమీద సలోమి మూడో ముద్ర వేసింది. చర్చి గంట వింటూ పెరిగిన పిల్లకు తద్దినం సంగతి తెలియదు. తాను పస్తుండి వచ్చిన పూట ఎవరో కొవ్వెక్కి అన్నం పారేశారనుకుంది. మర్నాడు వీరాచారి అనే ముసలాయన గేటు దగ్గరికి వచ్చి, "మా ఆవిడ తద్దినమమ్మా. సాయంత్రం దాకా చూశాను, కాకి రాలేదు" అన్నాడు. ఆమె గేటు వేసేసింది. చెత్తంతా మూతల కిందికి చేరిన ఊళ్లో కాకులకు పనేముంది? అవెప్పుడో వెళ్లిపోయాయి. అది కాకి ముట్టాల్సిన పిండమని పక్క బెల్టు తిరుపతమ్మ విడమరచి చెప్పేనాటికే, మేటమీదికి పోయిన వీరాచారి తొలకరి కూడా దాటకుండా చనిపోయాడు.

"అదే ముద్ద" అంది తిరుపతమ్మ తొంగిచూసి. "ఏం చేస్తావు మరి?"

"పూడ్పులోకి తోసేస్తే?"

"బెల్టు తూనిక ఊరుకుంటదా? ఎంగిలి మెతుకు కూడా పట్టేస్తది."

సలోమి చేతితొడుగు తీసి, ముద్దను మూడు కబళాలుగా తినేసింది.

"ఓసినీ! పితృదేవతల ముద్ద తింటివే. ఆదివారం మీ పాస్టరుగారికి ఏం చెప్తావు?"

"ఆకలేసిందని చెప్తా."

బరువు తగ్గడంతో బెల్టు ఆగిపోయింది. మేస్త్రి గురవయ్య లెక్కలు రాసే తెరపలక పట్టుకుని వచ్చాడు.

"నూటయాభై గ్రాములు లెక్క తప్పింది. ఏమైంది?"

"తిన్నారండీ. తిన్నది వ్యర్థం కాదు గదా, గోడమీదే ఉంది."

"తిన్నదెవరో రాయందే బెల్టు కదలదు సలోమీ." ఆయన పలకను ఆమెవైపు తిప్పాడు. "పశువులకు గడి ఉంది, పక్షులకు ఉంది. మనిషికి లేదు."

"అయితే కాకి అని రాయండి."

గురవయ్య చీటీమీద ఖాళీగా ఉన్న మూడో ముద్రగడినీ, దానికింద ఉన్న ఇంటి నంబరునూ చూశాడు. తరువాత కాకి అని రాశాడు.

పలకమీద, ఇరవయ్యేళ్లుగా ఎవరూ చూడని వాక్యం వెలిగింది: పక్షులున్న వార్డులో అన్నంపై ముద్రలు చెల్లవు, విచారణ ముగిసేవరకు అన్నీ నిలుపుదల. గోడవెంట ఇంటిచీటీల ఎర్రదీపాలు వరుసగా ఆరిపోయాయి. ఆ కాకిని వెతికేందుకు మండలి మనుషులు రేపే వస్తారు. వాళ్లకు దొరికే కాకి ఎవరో ముగ్గురికీ తెలుసు.

బెల్టు కదిలింది. సలోమి తొడుగు వేసుకుంది. పంటిసందున ఒక నువ్వుగింజ ఉండిపోయింది. ఆమె దాన్ని ఉమ్మలేదు. సాయంత్రం దాకా చూశాడు ఆ ముసలాయన; కాకి పదకొండేళ్లు ఆలస్యంగా వచ్చింది, అదీ వేరే ఇంటికి.