నడుము కొత్తది, మణికట్టు పాతది

మూడో గోల్ఫ్ బంతి కూడా రొయ్యల చెరువులోనే పడింది. కీర్తిప్రియ గట్టు దిగి వచ్చేసరికి ఉదయభాస్కర్ నాలుగోది సర్దుకుంటున్నాడు.

“ఏంటండీ ఇది? మా రొయ్యలకి ఆట నేర్పుతున్నారా?”

“సారీ అండి. నేను తిన్నగానే కొట్టాను. అదే ఎడమకి పోతోంది.”

“పాపం, తప్పంతా బంతిదే!”

భీమవరం చుట్టుపక్కల ఎండబెట్టిన చెరువు లీజుకు తీసుకుని గోల్ఫ్ ఆడే మహానుభావుడు అతనొక్కడే. ఆ చెరువూ, పక్కనున్న రొయ్యల చెరువూ కీర్తిప్రియ వాళ్ల నాన్న వెంకటరాజువే. ఆమె హైదరాబాద్‌లో రెండేళ్లు గోల్ఫ్ నేర్పి, చెరువులు చూసుకోవడానికి తిరిగొచ్చింది.

“మీకెవరు నేర్పారు?”

“మా తాతగారండి. వయసులో ఉన్నప్పుడు కర్ర కాడలున్న స్టిక్కులతో ఆడేవారు.”

“అదీ సంగతి! కొట్టేటప్పుడు కర్ర మెలితిరిగి స్టిక్ తల వెనకబడేది. అందుకని మణికట్టు తిప్పి దాన్ని లాక్కొచ్చేవారు. తర్వాత ఉక్కువి వచ్చాయి, ఇప్పుడు గ్రాఫైట్. ఇవి అంతగా మెలితిరగవు. చేతులు బుద్ధిగా ఉంచి నడుము తిప్పాలి. మీరు కొత్త స్టిక్కుతో తాతగారి తిప్పుడు తిప్పితే బంతి మా చెరువుకి రాక ఎక్కడికెళ్తుంది?”

“నేర్పుతారా?”

నేర్పక తప్పలేదు. నెలాఖరుకల్లా బంతులు ఆగకపోతే అతన్ని ఖాళీ చేయిస్తానని నాన్న తేల్చేశారు. చెబితే కంగారుపడతాడని ఆమె అతనికి చెప్పలేదు. అతను వెళ్లిపోతే సాయంత్రాలు ఎవరితో తగువుపడాలి? ఇష్టపడ్డానని తనకి తాను ఒప్పేసుకుంది. పైకి మాత్రం తిట్లే.

“నడుమండీ, నడుము! పప్పు రుబ్బుతున్నట్టు ఆ చేతులేంటి?”

నెలాఖరున వెంకటరాజు వచ్చి గట్టు మీద నిలబడ్డారు. ఉదయభాస్కర్ కొట్టాడు. బంతి రొయ్యల చెరువులో నీళ్లు చిలికే ఏరేటరుకి టంగున తగిలి నీళ్లలో పడింది.

“రేపు ఖాళీ చేసెయ్యవయ్యా.”

కీర్తిప్రియకి ఏడుపొచ్చినంత పనైంది. అంతలోనే ఏదో తట్టింది. అతని నడుము చక్కగా తిరిగింది. చివరి క్షణంలో మణికట్టొక్కటే తాతగారిలా తిరిగింది.

“ఉండండి నాన్నా! ఏవండీ, మీకు వచ్చేసింది. కావాలనే మీ తాతగారిలా మణికట్టు తిప్పి చెరువులో వేశారు!”

అతను తల దించుకున్నాడు. “వచ్చి పది రోజులైందండి. వచ్చేసిందంటే మీరు రావడం మానేస్తారని...”

“ఇప్పుడు తిన్నగా కొట్టండి. కొట్టినా రోజూ వస్తాను. మీరంటే ఇష్టం. చాలా?”

బంతి బాణంలా వెళ్లి అవతలి కొబ్బరిచెట్ల దగ్గర ఆగింది.

వెంకటరాజు బంతిని చూశారు, కూతుర్ని చూశారు. “మీ తాతగారిని ఎప్పుడు కలవొచ్చయ్యా?”

“స్టిక్కుల గురించా అండీ?” అన్నాడు బిక్కుబిక్కుమంటూ.

“ముహూర్తం గురించి.”