మందు బీరువాలో అద్దం

పాత సామాన్ల దుకాణం వెనకగదికున్న చెడ్డపేరు అంతా ఇంతా కాదు. చీకటి పడ్డాక అటు ఎలుక కూడా పోయేది కాదట!

ఆ గదిలో ఓ మందు బీరువా ఉండేది. తాతలనాటి నల్లకర్ర. తలుపులు తీస్తే వెనకంతా అద్దమే — నాలుగు సీసాలు పెడితే ఎనిమిది కనబడాలని ఆ కాలపు షోకు. ఇప్పుడందులో సీసా లేదు, గ్లాసూ లేదు. అయినా రాత్రయితే లోపల గ్లాసుల గలగల...

దుకాణం షావుకారుదీ, ఆయన చెల్లెలి మొగుడిదీ చెరిసగం. ఆ బావ పాలిష్ పనిలో మొనగాడు. ఆయన తుడిచిన బల్లలో చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. ఓ రాత్రి ఆ బీరువా ముందే తాగుతూ పోయాడు. తాగి చచ్చాడన్నారు అందరూ. దుకాణం మొత్తం షావుకారుదైంది.

దుకాణం నువ్వే ఉంచుకో అన్నయ్యా, ఆయన చేత్తో మెరుగుపెట్టిన ఆ బీరువా ఒక్కటీ ఇవ్వమంది చెల్లెలు. ఇవ్వలేదు. హోటలువాళ్ళకి బేరం పెట్టాడు. తెల్లారితే బండి వస్తుంది. కానీ కూలీలు మొరాయించారు — లోపల ఏమీ లేదని ఎవరైనా చూసొస్తేనే చెయ్యి వేస్తామన్నారు.

షావుకారు ధైర్యం సామాన్యమా! ఆయన దగ్గితే వీధి దీపాలు ఆరిపోయేవి. లాంతరు పుచ్చుకుని ఆ రాత్రే వెళ్ళాడు. తలుపులు బార్లా తెరిచాడు.

అరలు ఖాళీ.

హమ్మయ్య అనుకుని అద్దంలోకి చూశాడు...

అద్దంలో అర మీద రెండు గ్లాసులు — నిండుగా.

ఇవతల అరంతా తడిమాడు. దుమ్ము. మళ్ళీ అద్దంలోకి చూస్తే, తన భుజం పక్కన ఇంకో భుజం. లక్క పాలిష్ మరకల చొక్కా. గిర్రున తిరిగాడు — గదిలో ఎవరూ లేరు. అద్దంలో మాత్రం... ఉన్నాడు.

"రా బావా," గుసగుసగా అన్నాడు. "నీ వాటా అట్టే పెట్టాను."

"నేను... మంచిదే పోశాను బావా..." షావుకారు నసిగాడు.

"మొదట మంచిదే పోశావు. మత్తెక్కాక పాలిష్ స్పిరిట్ పోశావు. ముందు కళ్ళు పోయాయి నాకు. ప్రాణం తర్వాత."

షావుకారు చేతులు బీరువా తలుపుల్ని గట్టిగా పట్టుకున్నాయి. అద్దంలో షావుకారు మాత్రం గ్లాసెత్తాడు. గటగటా తాగాడు...

ఇవతలవాడి గొంతు భగ్గుమంది.

బీరువాని కడసారి చూసుకుందామని చెల్లెలు వచ్చేసరికి గదినిండా ఎండ. కూలీలు గడప దాటలేదు. షావుకారు నేలమీద కూలబడి ఉన్నాడు. గదిలో చుక్క మందు లేదు. ఆయన నోట మాత్రం గుప్పున స్పిరిట్ వాసన.

అడుగుల చప్పుడు గుర్తుపట్టి తలెత్తాడు. "చెల్లీ... ఇంకా తెల్లారలేదా?"

ఆమె ఆయన కళ్ళముందు చెయ్యి ఆడించింది. అడక్కుండానే ఆయన అంతా కక్కేశాడు — ఏం పోశాడో, ఎందుకు పోశాడో. ఆ తర్వాత చెల్లెలి కాళ్ళకోసం తడుముకున్నాడు. ఆమె తన కాళ్ళు వెనక్కి తీసుకుంది.

బీరువా ముందు నిలబడి అద్దంలోకి చాలాసేపు చూసింది. చెదిరిన జుట్టు సవరించుకుంది.

"ప్రాణం తియ్యొద్దండి," అంది మెల్లగా. "అన్నయ్యని ఇలాగే బతకనివ్వండి."

తలుపులు దగ్గరగా వేసింది.